కొలిచి చెప్పిన మాట

బడులలో సైన్స్ ప్రదర్శనల ప్రకటనలు వెలువడగానే మా మదర్సా వరండాలోకి కొందరు తల్లిదండ్రులు ఒకే కోరికతో వస్తారు. “మౌల్వీ సాబ్, పిల్లవాడు ప్రాజెక్టు పెడుతున్నాడు. జడ్జీలు మెచ్చుకునేలా రెండు పేజీలు రాసివ్వండి” అంటారు. మేము అభ్యసించినదీ, బోధిస్తున్నదీ ధార్మిక విద్య. విద్యుత్తును గురించి, నీటి రసాయనాన్ని గురించి మాకు తెలిసినది బహు స్వల్పం. అయినా తెలుగులో నాలుగు వాక్యాలు కుదురుగా రాస్తామన్న పేరొకటి పాలమూరు వైపు ఈ చుట్టుపక్కల పడిపోయినందువల్ల ఆ పని మా వంతుకు వచ్చింది. చాలాకాలం సంతోషంగానే రాసిచ్చాము. మూడేళ్ళుగా రాసివ్వడం లేదు. వచ్చిన ప్రతివారికీ నిలబడి కారణం వివరించడం కష్టంగా ఉన్నందున ఈ నెల ఇక్కడ చెప్పుకుంటున్నాము.

మా పెద్దక్క ఇల్లు నల్లగొండ జిల్లాలో, మర్రిగూడ వైపు ఒక పల్లెలో ఉంది. ఆమె మనవరాలు అప్పుడు ప్రభుత్వ పాఠశాలలో ఏడవ తరగతి. ప్రదర్శనకు పేరిచ్చి వచ్చింది. మా మేనల్లుడు బోరు మోటార్లు బాగుచేసి జీవించేవాడు, కూతురంటే ప్రాణం. పట్నం వెళ్ళి ఒక దుకాణంలో తయారుగా ఉన్న నమూనా కొనుక్కొచ్చాడు. థర్మోకోల్ మీద పచ్చరంగు చల్లిన పార్కులు, అగ్గిపెట్టెలంత ఇళ్ళు, వీధి దీపాలు, ఒక మూలన చిన్న సౌర పలక. వెల 4,500 రూపాయలు. దానికి తగిన ప్రసంగం మమ్మల్ని రాయమన్నారు. రాశాము. “గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు” అని మొదలుపెట్టి, భావితరాలు, పర్యావరణం, సూర్యకాంతి అంటూ రెండు పేజీలు నింపాము. మదర్సాలో హిఫ్జ్ పిల్లలకు చెప్పించే పద్ధతిలోనే ఒక్కొక్క వాక్యం చెప్పి, అప్పగించుకొని, ముందుకు సాగాము. మూడు రోజులలో పొల్లుపోకుండా వచ్చింది. పిల్ల జ్ఞాపకశక్తిని చూసి మేము లోలోపల మురిసిపోయిన మాట దాచడం ఎందుకు?

ప్రదర్శన రోజున మేమూ వెళ్ళాము. న్యాయనిర్ణేతగా వచ్చినాయన నెమ్మదస్తుడు. ప్రసంగం సగంలో ఉండగా వంగి నమూనాను చూసి, “అమ్మా, ఈ సౌర పలకను ఒకసారి నీ అరచేతితో మూసి చూపించు. దీపాలు ఏమవుతాయి?” అన్నారు. పిల్ల మూసింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆయన అట్టను కొంచెం పైకెత్తారు. కింద ఒక బ్యాటరీ ఉంది. దీపాల తీగలు దానికి వెళ్తున్నాయి. సౌర పలక తీగలు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. అట్ట కింద ముడివేసి వదిలేసి ఉన్నాయి. “మరి ఇవి దేనితో వెలుగుతున్నాయి?” అన్నారాయన. హిఫ్జ్ పిల్లలు మధ్యలో తప్పిపోతే ఏం చేస్తారో చూసినవారికి తెలుసు. ఆయత్ మొదటికి వెళ్ళి మళ్ళీ అందుకుంటారు. మా పిల్లా అదే చేసింది. “గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు” అని మొదటినుంచి మొదలుపెట్టింది. ఆయన మధ్యలో ఆపలేదు. చివరిదాకా నిలబడి విని, “బాగా చెప్పావమ్మా” అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

తిరుగు దారిలో పిల్ల ఏడవలేదు. చాలాసేపటికి ఒక మాట అడిగింది. “దాదా, ఈ దీపాలు సూర్యకాంతితో వెలుగుతాయని మీరు రాశారు కదా. రాసేముందు మీరు చూశారా?”

మేము చూడలేదు. దుకాణదారు మేనల్లుడికి చెప్పాడు, మేనల్లుడు మాకు చెప్పాడు, మేము పిల్లకు చెప్పాము, పిల్ల సభలో చెప్పింది. మా పాతికేళ్ళ బోధనలో విద్యార్థులకు తొలినాడు చెప్పే పాఠం సనద్ గురించి. ఏ మాట వచ్చినా దానిని మోసుకొచ్చిన గొలుసును చూడమంటాము. ఎవరు ఎవరి నుంచి విన్నారు, ఆ ఇద్దరూ కలుసుకున్నారా, వారి జ్ఞాపకం నమ్మదగినదా అని ఒక్కొక్క లంకెనూ పట్టి చూడకుండా పూర్వపు హదీసు పండితులు ఒక్క వాక్యాన్ని స్వీకరించలేదు. అటువంటి విద్యను నోటితో చెబుతూ, ఒక దుకాణదారు మాటకు పదేళ్ళు దాటిన పిల్లను సాక్షిగా నిలబెట్టాము. ఆ న్యాయనిర్ణేత అడిగినది మా తరగతి గదిలోని ప్రశ్నే.

ఆ తరువాత మాకు ఒక ఆసక్తి పుట్టి, ఈ ప్రదర్శనలలో మార్కులు వేసే తీరు ఏమిటని ఒక ఉపాధ్యాయ మిత్రుణ్ణి అడిగి తెలుసుకున్నాము. పిల్లల విజ్ఞాన ప్రదర్శనలకు ఎన్‌సీఈఆర్‌టీ ఇచ్చిన మార్గదర్శకాలలో లెక్క ఇలా ఉంది: సృజన, ఊహాశక్తికి 20, కొత్తదనానికి 15, శాస్త్రీయమైన ఆలోచనకు 15, పనితనానికి 15, సమాజానికి కలిగే ప్రయోజనానికి 15, తక్కువ ఖర్చు, మన్నిక, తేలికగా మోసుకుపోగలగడం వంటివాటికి 10, ప్రదర్శించి వివరించే తీరుకు 10. అంటే మేము కష్టపడి రాసినదంతా నూటిలో పది మార్కుల కోసం. మేనల్లుడు పోసిన సొమ్ము ఖర్చు తక్కువన్న చోట మార్కులు పోగొట్టేదే. బడి పిల్లల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నడిపే ఇన్‌స్పైర్ మనక్ పథకంలో మొదట అడిగేది నమూనాను కూడా కాదు, ఆలోచనను. పాఠశాల నుంచి ఐదు ఆలోచనల వరకు పంపవచ్చు. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి విద్యార్థి బ్యాంకు ఖాతాలో 10,000 రూపాయలు వేస్తారు. డబ్బు లేదని వెనుకాడే మన ఇళ్ళలో ఈ సంగతి తెలియనివారు ఇంకా ఉన్నారు. ప్రధానోపాధ్యాయుల వద్దకు వెళ్ళి అడగండి.

ఆలోచన ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే ఒక జవాబు ఉంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే నేత కుటుంబపు పిల్లవాడు ఉండేవాడు. చదువు ఆరవ తరగతితో ఆగింది. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేతితో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి అటూ ఇటూ దాదాపు 9,000 సార్లు ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పితో ఇక ఆసు పోయలేనన్నది. 1992లో ఆయన యంత్రం పని మొదలుపెట్టి, అప్పులు, ఎగతాళి అన్నీ భరించి 1999లో పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈయనను గురించి చార్టు రాసి గోడకు తగిలించిన పిల్లలను చాలామందిని చూశాము. తన తల్లికి రోజూ ఎక్కడ నొప్పి పుడుతున్నదో అడిగిన పిల్లవాణ్ణి చూడడం అరుదు.

మాలోనూ ఇదే జబ్బు వేరే రూపంలో ఉంది. మన సంస్థల వార్షికోత్సవాలలో ఇబ్నుల్ హైసమ్ పేరు తప్పనిసరి. బస్రాలో పుట్టాడు, వెయ్యేళ్ళ క్రితం దృష్టిని గురించి మహాగ్రంథం రాశాడు అని పిల్లలు గడగడ చెబుతారు. చీకటి గదిలో చిన్న రంధ్రం గుండా వెలుగును రానిచ్చి ఆయన పరీక్షించి చూశాడని కూడా చెబుతారు. కిటికీకి నల్లగుడ్డ కట్టి, సూదితో పొడిచి, ఎదుటి గోడ మీద వేపచెట్టు తలకిందులుగా పడడాన్ని చూసినవారు ఎందరు? అయిదు రూపాయల ఖర్చు లేని పని అది.

మరుసటి ఏడు పిల్ల మళ్ళీ పేరిచ్చింది. ఈసారి తండ్రిని పట్నం పోనివ్వలేదు, మమ్మల్ని కలం పట్టనివ్వలేదు. తన ఇంట్లోని బాధను తానే పట్టుకున్నది.

మా అక్కకు మెడ తిరగదు. నమాజు ముగింపులో సలాం చెప్పేటప్పుడు కుడికీ ఎడమకూ భుజాలతో సహా ఒళ్ళంతా తిప్పుతుంది. సజ్దాకు వంగలేక ఎన్నో ఏళ్ళుగా కుర్చీ మీదే చదువుకుంటుంది. ఆ ప్రాంతంలో ఇది వింత కాదు. అక్కడి నల్లరాతి పొరల నుంచి ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. ఆ నీరు ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళు గారపడతాయి, పెద్దల ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ వ్యాధిని మొదట గుర్తించి 1937లో లోకానికి తెలిపినది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలో. దానితో పేరు ముడిపడిపోయినది మాత్రం నల్లగొండ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చునని మన దేశపు ప్రమాణం. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియబెట్టి, మడ్డిని దించి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించారు. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు. ఆ పేరు టాంజానియా వరకు వెళ్ళింది. మా అక్క వంటి వారి నొప్పిని మోసుకొని వెళ్ళిన పేరు అది.

ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీరు కుళాయికి వస్తున్నది. కాని అక్కకు పాత అలవాటు ఒకటి పోలేదు. జ్వరం వచ్చినా, ఇంట్లో పసిబిడ్డ ఉన్నా బోరు నీటిని కాచి ఇస్తుంది. అసర్ తరువాత పొయ్యి మీద పెట్టిన గిన్నె ఇషా దాకా నిప్పుల మీదే ఉంటుంది. “బాగా మరిగితే నీటిలోని చెడు అంతా పోతుంది” అని ఆమె నమ్మకం. ఆమె అత్తగారి నమ్మకమూ అదే. పిల్ల ప్రశ్న అక్కడ పుట్టింది: దాదీ కాచిన నీటిలో ఫ్లోరైడ్ నిజంగా పోతున్నదా?

సైన్స్ బోధించే టీచరమ్మ మంచి మనిషి. నీటి నమూనాలను పరీక్షకు పంపించే ఏర్పాటు చేశారు; జవాబు మాత్రం చెప్పలేదు. పిల్ల ఒక కర్రపుల్లకు గీతలు పెట్టి గిన్నెలో లోతు కొలుచుకున్నది. రెండు లీటర్ల బోరు నీరు. కాచక ముందు లీటరుకు 2.4 మిల్లీగ్రాములు. అయిదు నిమిషాలు మరిగించి దించితే దాదాపు అంతే. దాదీ పద్ధతిలో నిప్పుల మీద ఉంచి, ఒక లీటరు మిగిలాక చూస్తే 4.6. తగ్గడం అటుంచి దాదాపు రెట్టింపు అయింది. ఉప్పు వేసిన చారు మరిగేకొద్దీ ఉప్పగా మారే సంగతి మన ఇళ్ళలో ప్రతి స్త్రీకీ తెలుసు. నీరు ఆవిరై పోతుంది, అందులో కరిగినది గిన్నెలోనే ఉండిపోతుంది. మరిగిస్తే చచ్చేవి సూక్ష్మక్రిములు. అందుకు కాచడం మంచిదే, మానమని ఎవరూ అనరు. ఫ్లోరైడ్ క్రిమి కాదు.

రెండవసారి చేసినప్పుడు చిక్కు వచ్చింది. అదే గిన్నె, అదే కర్రపుల్ల, ఒక లీటరు మిగిలేదాకా అదే నిప్పులు, ఫలితం 5.8. మేము ఆ రోజు అక్కడే ఉన్నాము. మా సలహా ఏమిటో సిగ్గుతో చెబుతున్నాము: “ఆ అంకె రాయకు. మొదటిది, మూడవది కలిపి చూపించు. జడ్జీలు అయోమయపడతారు.” పిల్ల మా వైపు చూసిన చూపులో ఆ సౌర పలక తీగలు మాకు కనిపించాయి. ఆమె 5.8 రాసింది, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

రెండు రోజులు ఆలోచించింది. నోటుపుస్తకంలో లెక్క వేసింది. మొదటి అంకెను బట్టి రెండు లీటర్లకు 4.6 వచ్చింది, 5.8 రావాలంటే గిన్నెలోకి రెండు లీటర్లు కాదు, రెండున్నర వెళ్ళి ఉండాలి. ఆ అర లీటరు ఎక్కడిది? ఇంట్లో అందరినీ పిలిచి విచారణ జరిపింది. ఆరేళ్ళ తమ్ముడు ఒప్పుకున్నాడు. గిన్నెలో నీళ్ళు తగ్గిపోతున్నాయి, అక్కకు తక్కువ పడతాయని జాలిపడి, బోరు నీళ్ళే ఒక చెంబుతో పోశాడట. ఆ చెంబును తెచ్చి కొలిచింది. అర లీటరుకు కొంచెం ఎక్కువ. మూడవసారి తమ్ముణ్ణి మామ్మ దగ్గర కూర్చోబెట్టి చేసింది: 4.7.

ఆ పుస్తకాన్ని ఆమె తిరిగి అందంగా రాయలేదు. మసి మరకలతో అలాగే బల్ల మీద పెట్టింది. మూడు సీసాలు, కర్రపుల్ల, చెంబు, ఒక అట్టముక్క. మొత్తం ఖర్చు నూరు రూపాయలు దాటలేదు. న్యాయనిర్ణేతలు ఇద్దరు వచ్చారు. పక్క బల్ల మీద అగ్నిపర్వతం పొగ కక్కుతూ ఉన్నది. మా మనసు కుంగింది. వారు పుస్తకం తిప్పుతూ 5.8 దగ్గర ఆగారు. “ఇది తప్పు కదా, ఎందుకు ఉంచావు?” అని ఒకరు అడిగారు. పిల్ల తమ్ముడి కథ చెప్పింది. చెంబును చూపించి లెక్క చెప్పింది. మధ్యలో రెండు చోట్ల తడబడింది, ఒకచోట తెలుగు మాట తట్టక ఉర్దూ మాట వాడింది. వారు కదలలేదు. “పటిక, సున్నం వేస్తే ఎంత తగ్గుతుంది?” అని రెండవవారు అడిగితే, “చదివాను సార్, తగ్గుతుందట. నేను చేసి చూడలేదు” అన్నది. ఆ మాటకు ఆయన ఏదో రాసుకోవడం చూశాము. ఆమెకు రెండవ బహుమతి వచ్చింది. మొదటిది వరి గడ్డి గురించి చేసిన ఒక రైతు బిడ్డకు వెళ్ళింది. అదీ చక్కని పనే.

ఇంతకాలానికి మా వద్దకు వచ్చే తల్లిదండ్రులకు మేము చేయగలిగిన సాయం ఒకటే అని తేలింది. పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, న్యాయనిర్ణేత అడిగినట్లే అడుగుతాము. నీవు చూశావా, ఎన్నిసార్లు చూశావు, ఎవరు సాయం చేశారు, ఎక్కడ చెడింది? చెప్పలేని చోటల్లా ఇంటికి వెళ్ళి చూసి రమ్మంటాము. సాయం చేసినవారి పేరు రాసుకోవడం నామోషీ కాదు. మొన్న ఒక పండ్ల వ్యాపారి కుమారుడు వచ్చాడు. డ్రోన్ కొనిపెట్టమని తండ్రిని వేధిస్తున్నాడట. వాళ్ళింటి నిండా బాలానగర్ సీతాఫలాలు. అవి పట్నం చేరేలోపు మెత్తబడి నష్టం వస్తున్నదని తండ్రి వాపోతున్నాడు. గడ్డిలో పెట్టినవి ఎన్ని రోజులకు పండుతాయి, వరి పొట్టులో పెట్టినవి ఎన్ని రోజులకు, ఒట్టి బుట్టలోవి ఎన్ని రోజులకు అని పది పది కాయల చొప్పున పెట్టి రోజూ చూసి రాయమన్నాము. అయిష్టంగానే వెళ్ళాడు. మూడవ రోజున తానే ఫోను చేశాడు. పొట్టులో ఒక కాయను ఉడత తిన్నది, దాన్ని లెక్కలో ఉంచాలా తీసేయాలా అని.

బహుమతి తెచ్చుకున్న సాయంత్రం మా అక్క ఇంట్లో అందరం ఉన్నాము. మనవరాలు దాదీకి అంకెలన్నీ చదివి వినిపించింది. అక్క చాలాసేపు మాట్లాడలేదు. మా మేనల్లుడి చిన్నప్పుడు, వాడి చెల్లెళ్ళ చిన్నప్పుడు, ఎన్ని రాత్రులు ఎన్ని గిన్నెలు మరిగించి ఉంటుందో ఆమె లెక్క వేసుకుంటున్నదని మాకు అర్థమైంది. మేమేదో ఓదార్పు చెప్పబోయాము. ఆమె చేయెత్తి ఆపి, మనవరాలి వైపు, మెడ తిరగదు కనుక కుర్చీతో సహా తిరిగింది.

“బేటీ, మరి చాయ్ సంగతి? అదీ పొద్దంతా మరుగుతూనే ఉంటుంది కదా.”

పిల్ల పుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పింది. “అది ఇంకా కొలవలేదు దాదీ” అన్నది.

అక్క తల ఊపింది. పిల్ల లేచి వెళ్ళి రెండు ఖాళీ సీసాలు కడిగి బోర్లించింది. ఆరాక, ఒకదాని మీద కాగితం అంటించి ‘చాయ్ – కాచక ముందు’ అని రాసింది.